పెట్రోలు సబ్సిడీ తీసేస్తే నైజీరియా అట్టుడికింది, మన దగ్గర అంత గొడవ ఎందుకు కాలేదు?

తెనాలి_లెక్చరర్
డిగ్రీ సెకండియర్ పిల్లలకు సబ్సిడీల పాఠం చెబుతుంటే ఒక కుర్రాడు లేచి అడిగాడు: "సార్, నైజీరియాలో పెట్రోలు సబ్సిడీ తీసేస్తే జనం రోడ్లెక్కారు. మన దగ్గరా తీసేశారు కదా, మరి మనకెందుకు అలా కాలేదు?" పుస్తకంలో ఉన్న జవాబు చెప్పి కూర్చోబెట్టాను గానీ నాకే తృప్తిగా లేదు.

వరుస ఇది. 2010 జూన్‌లో పెట్రోలు ధరను మార్కెట్‌కు వదిలారు. 2013 జనవరి నుంచి డీజిల్‌ను నెలకు అర్ధ రూపాయి లెక్కన పెంచుకుంటూ వచ్చి, 2014 అక్టోబరులో దాన్నీ వదిలేశారు. రేషన్ కిరోసిన్‌ను 2016 నుంచి నెలకు పావలా చొప్పున పెంచడం మొదలుపెట్టారు. నైజీరియాలో మాత్రం 2023 మే 29న టినుబు అధ్యక్షుడిగా ప్రమాణం చేస్తూనే, అదే ఉపన్యాసంలో ఇక సబ్సిడీ లేదన్నాడు. అంతే.

తేడా అంతా నెమ్మదిగా చేశామా తొందరగా చేశామా అన్నదాంట్లోనే ఉందా? నైజీరియాలోని లేగోస్‌లో ఉండే మావయ్య గారు ఇక్కడే ఉన్నారు కదా, కాస్త చెప్పండి సార్.

లేగోస్_మావయ్య
పిలిచారు కాబట్టి వచ్చాను మాస్టారూ. లేగోస్‌లో ఒక ప్లాస్టిక్ సామాన్ల ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాను.

ఆ ఉపన్యాసం అయిన సాయంత్రానికే బంకుల దగ్గర బారులు. సగం బంకులు "స్టాకు లేదు" అని తాడు కట్టేశాయి. రెండు రోజులకు ప్రభుత్వ చమురు సంస్థ కొత్త రేట్లు ప్రకటించింది. లేగోస్‌లో 185 నైరాల (అక్కడి కరెన్సీ) దగ్గరున్న లీటరు 488 అయింది. ఉత్తరాన ఉన్న మైదుగురిలో 557. జూలైలో రాజధాని అబుజాలో 617 పలికింది.

ఇక్కడ మనవాళ్లకు అర్థం కాని సంగతి ఒకటుంది. నైజీరియాలో పెట్రోలంటే బండ్లకు మాత్రమే కాదు, కరెంటు కూడా అదే. గ్రిడ్ కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. మా వీధిలో టైలరు, మంగలి షాపు, ఫోటోస్టాట్ వాడు, కూల్‌డ్రింకులు అమ్మే ఆవిడ, అందరి గుమ్మాల ముందూ చిన్న జనరేటరు ఉంటుంది. అందులో అన్నిటికన్నా చిన్నదానికి జనం ముద్దుగా పెట్టుకున్న పేరు "ఐ బెటర్ పాస్ మై నైబర్". పక్కింటోడి కంటే నేనే నయం అని! టైలరు రోజూ ఓ సీసాతో తెచ్చుకుని పోసుకునే పెట్రోలు ఒక్కసారిగా రెండున్నర రెట్లయింది. జుబ్బా కుట్టుకూలి పెంచితే గిరాకీ రాదు, పెంచకపోతే మిషను తిరగదు. రెండు మూడు నెలల్లో రాత్రి ఏడు దాటితే వీధి సగం చీకటి.

మా ఫ్యాక్టరీలో హెల్పర్లు కొందరు డాన్ఫో బస్సుల చార్జీలు భరించలేక వారమంతా షెడ్డులోనే పడుకోవడం మొదలుపెట్టారు. శనివారం సాయంత్రం మాత్రం ఇంటికి పోయేవాళ్లు.

కుర్ర_సీఏ
ఫాలోయింగ్.

పన్నుల_పురాణం
మన దగ్గర గొడవ కాలేదని ఎవరన్నారు మాస్టారూ? 2010 జూలై 5న భారత్ బంద్ అయింది. 2012 మేలో పెట్రోలు ఒక్కసారే ఏడున్నర రూపాయలు పెంచితే 31న మళ్లీ బంద్. అదే ఏడు సెప్టెంబరులో డీజిల్ మీద 5 రూపాయలు వేసి, సబ్సిడీ సిలిండర్లు ఏడాదికి ఆరే అన్నప్పుడు 20న ఇంకో బంద్. ఓ భాగస్వామ్య పార్టీ కేంద్ర ప్రభుత్వం నుంచే బయటికి వెళ్లిపోయింది. సిలిండర్ల లెక్క ఆరు కాస్తా తొమ్మిదయి, 2014 ఎన్నికల ముందు పన్నెండయింది. జనం అరిచారు కాబట్టే నెమ్మదిగా చేశారు. ఊరికే దయ పుట్టి కాదు.

ఇంకో మాట. మన దగ్గర సబ్సిడీ తీసేశారు అనడం సగమే నిజం. తీసేసిన చోటే పన్ను తెచ్చి కూర్చోబెట్టారు.

వరంగల్_పిల్ల
పురాణం గారు చెప్పిన బంద్‌లు నిజమే. కానీ డీజిల్ కథలో అసలు మలుపు వేరే చోట ఉంది. 2014 జూన్‌లో బ్యారెల్ ముడిచమురు 115 డాలర్ల దగ్గర ఉంది. 2015 జనవరికి 50 కిందికి వచ్చేసింది. నెలకు 50 పైసలు పెరుగుతూ పైకి పోతున్న బంకు ధరా, కిందికి జారుతున్న ముడిచమురు ధరా 2014 సెప్టెంబరు ప్రాంతంలో కలుసుకున్నాయి. అప్పుడు అక్టోబరులో తలుపు తెరిచారు. ఫలితం ఏమిటంటే, సబ్సిడీ ఎత్తేసిన రోజున ఢిల్లీలో డీజిల్ లీటరుకు 3 రూపాయల 37 పైసలు తగ్గింది! రేటు తగ్గిన రోజున ఎవరు బంద్ చేస్తారు?

నైజీరియా సరిగ్గా దీనికి తలకిందులు. పైగా రెండు వారాలు దాటగానే నైరా మారకపు రేటును కూడా వదిలేశారు. డాలరుకు 470 దగ్గరున్నది 2024 ఫిబ్రవరికి 1500 దాటింది. ముడిచమురు అమ్ముకునే దేశమే అయినా ప్రభుత్వ రిఫైనరీలు మూలనపడి పెట్రోలంతా దిగుమతే చేసుకునేది. దిగుమతికి డాలర్లు కావాలి. మరి నైరా పడితే పెట్రోలు ధర ఏమవుతుందో వేరే చెప్పాలా? లేగోస్ అంకుల్, తర్వాత ఏమైంది? 617 దగ్గర ఆగిందా?

లేగోస్_మావయ్య
అక్కడే ఉంది తమాషా అంతా. నైరా పడిపోతూనే ఉంది, బంకులో రేటు మాత్రం దాదాపు ఏడాదిపాటు 617 దగ్గరే కదలకుండా నిలబడింది. ఎలా? ప్రభుత్వ సంస్థే నష్టానికి అమ్మింది. పోయిందన్న సబ్సిడీ దొడ్డిదారిన తిరిగొచ్చింది, పేరు మాత్రం ఎవరూ పలకలేదు. చివరికి 2024 సెప్టెంబరులో సప్లయర్లకు పెద్ద బాకీలు పడ్డామని ఆ సంస్థే ఒప్పుకుని రేటు పెంచింది. అక్టోబరుకు వెయ్యి నైరాల దగ్గరికి చేరింది. అంతకు ముందు ఆగస్టులోనే ఆకలి నిరసనలు జరిగాయి. కనీస వేతనం 30 వేల నైరాల నుంచి 70 వేలు చేశారు. చిల్లర దుకాణంలో బియ్యం బస్తా ధర చూస్తే ఆ పెంపు ఏ మూలకు?

ఒక్కసారిగా ఎందుకు చేశాడని అంటారేమో. నెమ్మది అన్నది ఇక్కడ ఎప్పుడూ సాగలేదు. 2012 జనవరి 1న అప్పటి అధ్యక్షుడు జోనాథన్ 65 నైరాల పెట్రోలును 141 చేశాడు. దేశమంతా సమ్మె. రెండు వారాల్లో 97కు దింపాడు. ఆ దెబ్బ తర్వాత మరో పదేళ్లు ఎవరూ దాన్ని పూర్తిగా తీసేయలేకపోయారు. ఈలోగా ఖర్చు పెరిగిపోయి 2022లో ఒక్క ఏడాదికే 4 లక్షల కోట్ల నైరాలు దాటింది.

లారీ_బాబాయ్
నాకు నైజీరియా సంగతి తెలియదు. విజయవాడలో మూడు లారీలు తిప్పుకునేవాణ్ని. ఒక్కటి చెబుతా, రాసుకోండి.

డీజిల్ రేటు ప్రభుత్వం పెంచే రోజుల్లో అదో వార్త. పేపర్లో మొదటి పేజీలో వచ్చేది. రెండు రూపాయలు పెరిగిందంటే మర్నాడు యూనియన్ ఆఫీసులో కూర్చుని కిరాయి ఎంత పెంచాలో మాట్లాడుకునేవాళ్లం. సరుకు వేసేవాడు కూడా పేపరు చూసి ఉంటాడు కాబట్టి గొణుక్కుంటూనైనా ఇచ్చేవాడు.

2017 జూన్ 16 నుంచి రేటు రోజూ మారడం మొదలైంది. పది పైసలు, పదిహేను పైసలు. ఎవడికీ తెలియదు, ఎవడూ మాట్లాడడు. ఇక్కడి నుంచి నాగ్‌పూర్‌కి ఒక రేటుకు ఒప్పుకుని బయల్దేరతాం. రిటర్న్ లోడు దొరక్క ఆదిలాబాద్ అవతల రెండు రోజులు ఆగితే ఈలోపు డీజిల్ మారిపోతుంది. పది పైసలు పెరిగాయి, కిరాయి పెంచండి అని అడగడానికి నోరు రాదు కదా. అలా పది పైసలు పది పైసలు కూడి ఆరు నెలలకు ఐదారు రూపాయలవుతుంది. అది ఎవడి జేబులోంచి పోయినట్టు? పెద్ద కంపెనీల కాంట్రాక్టుల్లో డీజిల్ పెరిగితే కిరాయి పెంచే క్లాజు ఉంటుంది. ఒకటి రెండు లారీలవాడికి క్లాజు ఎవడిస్తాడు? ఫైనాన్స్ వాడి కిస్తీ మాత్రం తారీకు తప్పదు.

సబ్సిడీ ఉన్నప్పుడు ఆ రిస్కు ప్రభుత్వానిది. తీసేశాక నాది.

వరంగల్_పిల్ల
బాబాయ్, ఈ మాట మా ఎంఏ క్లాసులో ఒక్కరూ చెప్పలేదు. థ్యాంక్స్.

బంకు_క్యాషియర్
డీజిల్ మాట వచ్చింది కాబట్టి 2013లో జరిగింది చెబుతా. జనవరిలో డీజిల్‌కు రెండు ధరలు పెట్టారు. ట్యాంకర్లతో పెద్దమొత్తంలో కొనే ఆర్టీసీ, రైల్వే లాంటివాళ్లకు పూర్తి మార్కెట్ రేటు. బంకులో పోయించుకునేవాళ్లకు సబ్సిడీ రేటు. లీటరుకు పది రూపాయలు పైనే తేడా. అంటే పల్లెవెలుగు బస్సుకు ఎక్కువ ధర, కోటి రూపాయల కారుకు తక్కువ ధర!

ఉమ్మడి ఆర్టీసీ వాళ్లు ఏం చేశారు? సొంత డిపో ట్యాంకులు ఖాళీగా పెట్టి బస్సుల్ని బంకులకు పంపారు. నేను గుంటూరు రోడ్డులో ఒక బంకులో నైట్ డ్యూటీ చేసేవాణ్ని. రాత్రి పది దాటితే వరసగా బస్సులు. డ్రైవరు స్లిప్పు ఇస్తాడు, మేం రీడింగ్ రాసి సంతకం పెట్టించుకుంటాం, ఒక్కో బస్సుకు పావుగంట. వెనకాల లారీలవాళ్లు హారన్లు కొడుతూ మమ్మల్నే తిట్టేవాళ్లు. అప్పుడు తిట్టినవాళ్లలో బాబాయ్ కూడా ఉన్నాడేమో 😄

2022 మార్చిలో బల్క్ రేటు ఒక్కసారిగా 25 రూపాయలు పెంచినప్పుడు మళ్లీ అదే సీను.

లారీ_బాబాయ్
ఉండే ఉంటా తమ్ముడూ. హారన్ మా జన్మహక్కు.

పన్నుల_పురాణం
కోటి రూపాయల కారు అన్నారు చూడండి, అసలు జబ్బు అక్కడే ఉండేది. 2012 మేలో ఢిల్లీలో పెట్రోలు 73 రూపాయలు, డీజిల్ 41. ముప్పై రెండు రూపాయల తేడా! రైతు పేరు చెప్పి ఇచ్చిన డీజిల్ సబ్సిడీతో పట్నంలో డీజిల్ కార్ల అమ్మకాలు పెరిగాయి. 2012లో మన రాష్ట్రంలో పవర్ హాలిడేలు గుర్తున్నాయా? షాపింగ్ మాళ్ల జనరేటర్లు, సెల్ టవర్లు, అన్నీ ఆ సబ్సిడీ డీజిల్ తాగినవే. 2012-13లో తక్కువ ధరకు అమ్మినందుకు చమురు సంస్థలకు వచ్చిన లోటు మొత్తం 1,61,000 కోట్లు, అందులో డీజిల్‌దే 92 వేల కోట్లు. నేను తీసేయడానికి వ్యతిరేకిని కాను.

నా గొడవల్లా తర్వాత జరిగిందాని మీద. 2014 ఏప్రిల్‌లో డీజిల్ మీద కేంద్ర ఎక్సైజు లీటరుకు 3 రూపాయల 56 పైసలు. 2020 మేలో 31 రూపాయల 83 పైసలు. ముడిచమురు పడినప్పుడల్లా మనకు రావలసిన తగ్గింపును ఎక్సైజు మింగింది. 2020-21లో పెట్రోలు, డీజిల్ మీద కేంద్రానికి వచ్చిన ఎక్సైజు 3.7 లక్షల కోట్లు. పాత ప్రభుత్వం సబ్సిడీకి నగదు బదులు చమురు సంస్థలకు రాసిచ్చిన అప్పు పత్రాలు, అంటే ఆయిల్ బాండ్లు, తీర్చాలి అని చెప్పారు. ఆ బాండ్ల అసలు మొత్తమే 1.3 లక్షల కోట్ల చిల్లర!

ఇక మార్కెట్ ధర అంటారు. 2018లో కర్ణాటక ఎన్నికల ముందు పంతొమ్మిది రోజులు, 2021 నవంబరు నుంచి యూపీ ఎన్నికలయ్యే దాకా నాలుగు నెలలపైన రేటు కదల్లేదు. ప్రపంచ మార్కెట్‌కు మన పోలింగ్ తేదీలు ఎలా తెలిశాయో మరి.

మోడరేటర్
పార్టీల ప్రస్తావన చాలు. చమురు మీదే ఉందాం.

గోదారి_గట్టు
కేంద్రాన్ని మాత్రమే అంటే ఎలా పురాణం గారూ. ఆంధ్రాలో పెట్రోలు మీద వ్యాట్ 31 శాతం, దానిపైన లీటరుకు 4 రూపాయలు, ఆ పైన రోడ్డు సెస్సు ఒక రూపాయి. తెలంగాణలో 35 శాతం పైనే. మాది కోనసీమ. గోదావరి దాటితే యానాం, అది పుదుచ్చేరి కింద ఉంది కాబట్టి లీటరుకు పది రూపాయల పైన తేడా. ఆదివారం సాయంత్రం యానాం బంకుల దగ్గరికి వెళ్లి చూడండి, నంబర్ ప్లేట్లన్నీ ఏపీవే. అంటే మా రాష్ట్రం పన్ను ఎక్కువేసి పక్కవాడి ఖజానా నింపుతోంది.

కాకపోతే రాష్ట్రాల బాధ కూడా ఒకటుంది. కేంద్రం పెంచిన దాంట్లో ఎక్కువ భాగం సెస్సులు, ప్రత్యేక సుంకాల రూపంలో పెంచింది. వాటిలో రాష్ట్రాలకు వాటా లేదు. దాంతో వీళ్లు వ్యాట్ వదలరు.

రాజమండ్రిలో చమురు తవ్వే ప్రభుత్వ సంస్థ ఓఎన్‌జీసీ వాళ్లని అడిగితే పాత రోజుల ఇంకో ముఖం చెబుతారు. సబ్సిడీ భారంలో వాళ్ల వాటా 2013-14లో 56 వేల కోట్లు దాటింది. కొత్త బావులు తవ్వాల్సిన డబ్బు తగ్గింపు ధరల కింద పోయేది.

తెనాలి_లెక్చరర్
అందరికీ ధన్యవాదాలు. పావుగంట పాఠం అనుకున్నది రెండు పీరియడ్లయ్యేట్టుంది. కిరోసిన్ గురించి ఎవరూ మాట్లాడలేదేం?

బంకు_క్యాషియర్
కిరోసిన్ గురించి మాట్లాడితే బంకులవాళ్ల పరువు పోతుంది మాస్టారూ.

రేషన్ కిరోసిన్‌కు నీలిరంగు కలిపేవారు, కల్తీ పట్టుకోవడానికి. లీటరు పదిహేను రూపాయల లోపు దొరికే నీలి కిరోసిన్, నలభై రూపాయల డీజిల్‌లో కలిపితే లాభం ఎంతో చూడండి. తేడా ఉన్నంతకాలం కలిపేవాడు ఉంటాడు. 2011 జనవరిలో మహారాష్ట్ర మన్మాడ్ దగ్గర కల్తీ పట్టుకోబోయిన అదనపు కలెక్టర్ యశ్వంత్ సోనవణేను పట్టపగలు నిప్పంటించి చంపేశారు. అంతకు ముందు 2005లో యూపీలో బంకుకు సీలు వేయించిన ఇండియన్ ఆయిల్ కుర్రాడు మంజునాథ్‌ను కాల్చి చంపారు. ధరల తేడా తగ్గాక ఆ దందా పడిపోయింది. నాకైతే సబ్సిడీ ఎత్తివేతలో పూర్తిగా మంచి జరిగింది ఇదొక్కటే అనిపిస్తుంది.

లేగోస్_మావయ్య
ఇక్కడ మీ నీలి కిరోసిన్‌కు జోడీ సరిహద్దు దాటే పెట్రోలు. పక్క దేశం బెనిన్‌లో రోడ్డు పక్కన గాజు సీసాల్లో, జాడీల్లో పెట్రోలు పెట్టి అమ్ముతారు, దాన్ని క్పాయో అంటారు. అంతా నైజీరియా నుంచి దొంగతనంగా వెళ్లిందే. సబ్సిడీ పోయిన నెలలోనే నైజీరియాలో పెట్రోలు వాడకం లెక్క రోజుకు ఆరున్నర కోట్ల లీటర్ల పైనుంచి ఐదు కోట్లకు దిగువకు పడింది. జనం కొంత తగ్గించుకున్నారు, సరే. కానీ ఒక్క నెలలో అంత తగ్గిందంటే అందులో చాలా లీటర్లు ముందు నుంచీ నైజీరియా జనం వాడనివే.

వరంగల్_పిల్ల
మాస్టారూ, ఇరాన్ కూడా చెప్పండి క్లాసులో. 2010 డిసెంబరులో వాళ్లు ధరలు పెంచే ముందే ఒక్కో మనిషికి ఇంత అని లెక్కగట్టి బ్యాంకు ఖాతాలో డబ్బు వేశారు. డబ్బు కనిపిస్తుంది గానీ తీసుకోవడానికి వీల్లేదు. ధర పెంచిన రాత్రే ఖాతాలు తెరిచారు. పెద్ద గొడవేమీ జరగలేదు. తర్వాత ఏళ్లలో ద్రవ్యోల్బణం ఆ మొత్తాన్ని కరిగించేసింది, అది వేరే కథ. కానీ చేతికి ముందు ఇచ్చి తర్వాత ధర పెంచడం అన్న వరుస గమనించండి.

లేగోస్_మావయ్య
నైజీరియాలో వరుస తిరగబడింది. ధర మేలో పెంచారు. పేద కుటుంబాలకు నెలకు 8,000 నైరాలు ఇస్తామని జూలైలో అన్నారు. ఆ డబ్బుతో ఏమొస్తుందని జనం నవ్వితే వెనక్కి తీసుకున్నారు. అక్టోబరులో మూడు నెలల పాటు 25,000 అన్నారు. జనవరిలో ఆ శాఖ మంత్రినే నిధుల గొడవలో సస్పెండ్ చేసి పథకం ఆపేశారు. మా హెల్పర్లలో అందుకున్నామని చెప్పినవాడు ఇంతవరకు నాకు తగల్లేదు.

పన్నుల_పురాణం
అందుకే అంటున్నా. మనది నగదు బదిలీ విజయగాథ అని ప్రపంచమంతా పొగుడుతుంది. గ్యాస్ సబ్సిడీ 2015 జనవరి 1 నుంచి దేశమంతా ఖాతాలో వేశారు, దొంగ కనెక్షన్లు పోయాయి, బాగుంది. 2020 మే వచ్చేసరికి ఆ ఖాతాలో పడేది సున్నా అయింది. ధర పెరిగితే కళ్లకు కనిపిస్తుంది. ఖాతాలో పడాల్సింది పడకపోతే ఎంతమంది గమనించారు? నగదు బదిలీ అనేది చప్పుడు కాకుండా ఆపేయడానికి కూడా భలే వీలు.

గోదారి_గట్టు
అన్ని సబ్సిడీలూ అలా ఆగిపోవు. మా కాకినాడ వైపు బోట్లవాళ్లకు డీజిల్ మీద లీటరుకు 6 రూపాయల 3 పైసలు ఉండేది, 2019లో 9 రూపాయలు చేశారు. వేట ఎటూ డీజిల్ మీదే నడుస్తుంది. అందరికీ కాకుండా అవసరం ఉన్నవాడికి, నిర్ణయించిన బంకులో ఇవ్వడం అంటే ఇదే. సరిగ్గా అమలైతే.

సిక్కోలు_కోడలు
నేను రోజూ చదవడమే గానీ రాయను. ఖాతాలో వేయడం గురించి ఒక మాట. మా ఊరు టెక్కలి దగ్గర. 2024 నుంచి ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం అన్నారు. మంచిదే. అయితే మొదట్లో పద్ధతి ఏంటంటే, సిలిండరు తెచ్చిన అబ్బాయికి ముందు ఎనిమిది వందల చిల్లర మనమే కట్టాలి. తర్వాత ఖాతాలో పడుతుంది. పడింది కూడా, నాకు రెండో రోజుకే పడింది.

కానీ మా పక్కింటి అత్తకు కూలి వారానికోసారి వస్తుంది. ఎనిమిది వందలు చేతిలో ఒకేసారి ఉండవు. ఉచిత సిలిండరు కోసం డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకుంది. ఆధార్ ఏ బ్యాంకు ఖాతాకు కలిసిందో తెలియక ఆ డబ్బు కోసం మండలం చుట్టూ తిరిగింది. ఇప్పటికీ ఇంటి వెనక కట్టెల పొయ్యి తీసేయలేదు. నీళ్లు కాచుకోవడం, పప్పు ఉడకేయడం దాని మీదే.

వరంగల్_పిల్ల
మా దగ్గర 500కు సిలిండరు అన్నదీ ఇట్లనే, ముందు మొత్తం కట్టి తర్వాత ఖాతాలో తీసుకునుడే. ఆమెకు డబ్బు ఏ ఖాతాలో పడిందో చివరికి తెలిసిందా అక్కా?

సిక్కోలు_కోడలు
తెలిసింది చెల్లీ. ఎప్పుడో ఉపాధి పనికి తీసిన పోస్టాఫీసు ఖాతాలో పడింది. ఆ పాసుబుక్కు ట్రంకుపెట్టెలో ఉండిపోయింది. మూడు విడతల డబ్బూ అందులోనే ఉంది.